పేరు చెప్పని గొంతు

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం ఒక అమెరికన్ వ్యాఖ్యాత వృత్తిజీవితం. ఆయన పేరు వెస్ట్‌బ్రుక్ వాన్ వూర్హిస్. 1903లో పుట్టి 1968లో కన్నుమూశాడు. రేడియో కొత్తగా ఇంటింటికీ చేరుతున్న రోజుల్లోనూ, సినిమా హాళ్ళలో అసలు చిత్రానికి ముందు వార్తాచిత్రం వేసే రోజుల్లోనూ ఆయన గొంతు ఎరగనివాళ్ళు ఆ దేశంలో అరుదు. పేరు తెలిసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ. గొంతుకు అంత ప్రసిద్ధి, మనిషికి ఇంత అజ్ఞాతం ఒకేచోట ఎలా కుదిరాయన్న ప్రశ్నే నన్ను ఈ విషయం వైపు లాగింది. నాకు తోచిన సమాధానం ముందే చెబుతాను. తెర వెనక వ్యాఖ్యాత మాటను మనం అంత సులువుగా నమ్మడానికి గొంతులోని గాంభీర్యం ఒక్కటే కారణం కాదు. అది ఎవరి గొంతో మనకు తెలియకపోవడం అంతకంటే పెద్ద కారణం. మనిషి కనిపించడు, పేరు వినిపించదు, కాబట్టి ఆ మాట ఒకరి అభిప్రాయంలా కాక జరిగిన నిజంలా చెవిన పడుతుంది. అందువల్ల వ్యాఖ్యాత పేరు చెప్పడాన్ని మర్యాద కింద జమకట్టి వదిలేయకూడదు. అది వినేవాడి హక్కు.

వాన్ వూర్హిస్ గొంతుకు వేదిక ‘ది మార్చ్ ఆఫ్ టైమ్’. ‘టైమ్’ వారపత్రిక వాళ్ళు 1931 మార్చిలో సీబీఎస్ రేడియోలో మొదలుపెట్టిన కార్యక్రమం అది. వార్తలు చదివి ఊరుకోవడం దాని పద్ధతి కాదు. ఆ వారం సంఘటనలను నాటకంగా ఆడించేవారు. నటులు దేశాధినేతల గొంతులను అనుకరించేవారు, వాద్యబృందం పక్కనే ఉండి వాయించేది, తుపాకుల మోత నుంచి జనఘోష దాకా స్టూడియోలోనే పుట్టించేవారు. ఆర్సన్ వెల్స్, ఆగ్నెస్ మూర్‌హెడ్ వంటివాళ్ళు అక్కడ పనిచేసి పైకి వచ్చినవాళ్ళే. ఈ సందడి అంతటినీ ఒక దండలా గుచ్చేది వ్యాఖ్యాత గొంతు. టెడ్ హ్యూసింగ్, హ్యారీ వాన్ జెల్ తరువాత ఆ స్థానం వాన్ వూర్హిస్‌కు దక్కింది, ఇక ఆయనదే అయిపోయింది. 1935 ఫిబ్రవరిలో లూయీ ద రోష్‌మాంట్ నిర్మాణంలో అదే పేరుతో వార్తాచిత్రం వచ్చింది. 1937లో దానికి అకాడమీ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. రేడియో కార్యక్రమం 1945 దాకా, చిత్రం 1951 దాకా నడిచాయి.

ఆయన చదివే తీరు గమనించదగ్గది. ‘టైమ్’ పత్రిక వాక్యాలను తలకిందులు చేసి రాయడం అలవాటు చేసింది. చర్య ముందు వస్తుంది, కర్త వెనక వస్తాడు, మనిషి పేరుకు ముందు రెండు మూడు విశేషణాలు బరువుగా వేలాడుతుంటాయి. కంటితో చదివితే ఎబ్బెట్టుగా ఉండే ఆ వాక్యాన్ని వాన్ వూర్హిస్ గుక్క తిప్పుకోకుండా ఎత్తుకుని, చివరి మాటకు ముందు ఒక క్షణం ఆగి, ఆ మాటను మేకు కొట్టినట్టు దించేవాడు. ఆ క్షణం విరామంలోనే ఉంది కిటుకంతా. వినేవాడు ఆ ఖాళీలో తనకు తెలియకుండానే తరువాతి మాట కోసం ఎదురుచూస్తాడు, వచ్చిన మాటను తానే ఊహించినట్టు ఒప్పుకుంటాడు. సంశయం ఉన్న చోట కూడా ఆ గొంతు తడబడదు. ‘బహుశా’ అనవలసిన విషయాన్నీ, ‘నిశ్చయంగా’ అనదగిన విషయాన్నీ ఒకే శ్రుతిలో పలుకుతుంది. ప్రతి భాగం చివరా కాలం ముందుకు సాగుతోందని ఆయన చేసే ప్రకటనలో వినిపించేది ఒక ఉద్యోగి గొంతు కాదు, సాక్షాత్తూ కాలపురుషుడి గొంతు. పత్రిక యజమానులకు కావలసిందీ అదే. తమ అభిప్రాయాన్ని ఒక మనిషి చెబితే అభిప్రాయంగానే మిగిలిపోతుంది, కాలం చెబితే చరిత్ర అయిపోతుంది.

కథ చెప్పేవాడు ఎప్పుడూ ఇలాగే ఉంటాడా అంటే, మన తెలుగు నేల మీది చాలా కళల్లో అలా ఉండడు. కూచిపూడిలో సూత్రధారి రంగం మీదే నిలబడతాడు. హరిదాసు చిరతలు పట్టుకుని, గజ్జె కట్టుకుని మన కళ్ళ ముందే కథ నడుపుతాడు. చెమట కనిపిస్తుంది, ఆయాసం వినిపిస్తుంది, ఇది ఫలానా దాసుగారి కథ అని ఊరంతటికీ తెలుసు. బుర్రకథ అయితే ఇంకో అడుగు ముందుకు వేసింది. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ‘ఆహా’ అని ఊతమిచ్చేదీ వాళ్ళే, ‘అదెలా?’ అని అడ్డుపడేదీ వాళ్ళే. సభలో కూర్చున్నవాడికి వచ్చే సందేహాన్ని వేదిక మీదే ఒకడు అడిగేస్తాడు. కథకుడు దానికి సమాధానం చెబితే గాని ముందుకు పోలేడు. షేక్ నాజర్ అల్లూరి సీతారామరాజు కథ చెప్పినా, పలనాటి కథ చెప్పినా ఈ కట్టుబాటులోనే చెప్పాడు. మన జానపద కళ తన కథకుడి పక్కనే ప్రశ్నించేవాణ్ణి కూడా నిలబెట్టింది. వార్తాచిత్రం ఆ ప్రశ్నించేవాణ్ణి తీసేసింది, కథకుణ్ణి సైతం కంటికి కనపడకుండా చేసింది. యంత్రం వల్ల జరిగిన మార్పే ఇది, కానీ యంత్రం కోరిన మార్పు కాదు. రేడియోలో మనిషి కనిపించకపోవడం తప్పదు, పేరు చెప్పకపోవడం మాత్రం ఎంచుకున్నదే.

దీని పర్యవసానం ఎంత దూరం పోతుందో చూడాలంటే 1938 జనవరిలో విడుదలైన ‘ఇన్‌సైడ్ నాజీ జర్మనీ’ అనే భాగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. జూలియన్ బ్రయన్ అనే యాత్రికుడు జర్మనీలో తిరిగి బొమ్మలు పట్టుకొచ్చాడు. నాజీ ప్రభుత్వం అనుమతించిన మేరకే కెమెరా తిప్పాడు కాబట్టి అందులో ఎక్కువగా ఉన్నవి శుభ్రమైన వీధులు, పనిలో ఉన్న జనం, కవాతు చేసే కుర్రవాళ్ళు. వాటిని మూగగా చూపిస్తే ఒక క్రమశిక్షణ గల దేశం సుఖంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిర్మాతలు రెండు పనులు చేశారు. బ్రయన్‌కు దొరకని దృశ్యాలను న్యూజెర్సీ రాష్ట్రంలో నటులతో ఆడించి తీసి మధ్యలో కలిపారు. మొత్తం మీద వాన్ వూర్హిస్ గొంతు పరిచారు. నవ్వుతున్న ముఖాల మీద ఆ గొంతు, ఈ నవ్వు వెనక భయం ఉందని, ఈ వీధుల్లో మాట్లాడే స్వేచ్ఛ లేదని చెబుతూ పోతుంది. బొమ్మ ఒకటి చెబుతుంటే మాట దానికి ఎదురు చెబుతుంది, ప్రేక్షకుడు మాటనే నమ్ముతాడు. నమ్ముతాడా లేదా అన్న విషయం మీద ఆనాడే పెద్ద రగడ జరిగింది. ఈ చిత్రం నాజీలకు అనుకూలంగా ఉందంటూ వార్నర్ సంస్థ తన హాళ్ళలో వేయడానికి ఒప్పుకోలేదు. అదే చిత్రం జర్మనీకి వ్యతిరేకంగా ఉందన్న కారణంతో చికాగో సెన్సారు ఆపింది. ఒకరు బొమ్మను చూశారు, ఇంకొకరు గొంతును విన్నారు. బొమ్మకూ మాటకూ మధ్య వ్యాఖ్యాత చేతిలో ఎంత అధికారం ఉందో చెప్పడానికి నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఆ మాటలు వాన్ వూర్హిస్‌వి కావు కదా, ఎవరో రాసిచ్చారు, ఆయన చదివాడు, బాధ్యత రాసినవాడిది, సంస్థది అనవచ్చు. సగం నిజమే. అయితే రాసినవాడు కాగితం మీద మాట ఇవ్వగలడే గాని, నిశ్చయం ఇవ్వలేడు. ఎక్కడ ఆగాలో, దేన్ని బరువుగా పలకాలో, సందేహాన్ని ఎంత వరకు మింగెయ్యాలో నిర్ణయించేది చదివేవాడే. ఒకే వాక్యాన్ని ఇద్దరు చదివితే ఒకరి నోట అది వార్తగా, మరొకరి నోట తీర్పుగా వినిపిస్తుందని రేడియోలో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. గొంతు వట్టి గొట్టమే అయితే ఒక సంస్థ పద్దెనిమిదేళ్ళ పాటు అదే గొంతును పట్టుకుని ఎందుకు వేలాడుతుంది? గొంతు ఒక మనిషి సొత్తని ఆ కార్యక్రమానికి ఇంకో వైపు నుంచీ తెలిసివచ్చింది. అధ్యక్షుడు రూజ్వెల్ట్ గొంతును నటులు అనుకరించడం మీద వైట్‌హౌస్ నుంచి అభ్యంతరం వచ్చింది. రూజ్వెల్ట్ తన గొంతుతో స్వయంగా రేడియోలో దేశంతో మాట్లాడుతున్న రోజులవి. నా గొంతుతో మరొకరు మాట్లాడితే అది నా మాటగా చెలామణి అవుతుందన్న జాగ్రత్త ఆయన వైపు వాళ్ళకు ఉంది. అధ్యక్షుడి గొంతుకు యజమాని ఉన్నప్పుడు వ్యాఖ్యాత గొంతుకు మాత్రం ఎందుకు ఉండకూడదు?

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. 1938లో ఆ గొంతు చెప్పింది నిజం. నాజీ పాలన గురించి అమెరికన్ ప్రజలను హెచ్చరించిన తొలి చిత్రాల్లో అదొకటి. ఆ గొంతు లేకపోతే బ్రయన్ తెచ్చిన బొమ్మలు ప్రచారానికే పనికొచ్చేవి. మంచి పనికి వాడిన సాధనాన్ని ఎలా తప్పుపడతాం? నేను ఆ చిత్రాన్ని తప్పుపట్టడం లేదు, దాని ఉద్దేశానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ హాల్లో కూర్చున్న మనిషికి నిజమైన దృశ్యం ఏదో, నటులు ఆడింది ఏదో విడదీసి తెలుసుకునే దారి లేదు. రెంటి మీదా ఒకే గొంతు, ఒకే నిశ్చయంతో పరుచుకుంది. ఆ రోజు చెప్పింది నిజం కావడం ప్రేక్షకుడి అదృష్టం, అతని వివేకం దానికి కారణం కాదు. ఆ ఏడాదే అక్టోబరు 30 రాత్రి ఆర్సన్ వెల్స్ అదే సీబీఎస్‌లో అంగారక గ్రహవాసుల దండయాత్రను వార్తల రూపంలో ప్రసారం చేశాడు. కొందరు శ్రోతలు నిజమనుకుని బెదిరిపోయారు. ఆ భయాన్ని పత్రికలు చాలా పెద్దది చేసి రాశాయన్నది తరువాతి పరిశోధకుల మాట, అది ఒప్పుకోవలసిందే. అయినా వార్తను నాటకంగా ఆడించే కార్యక్రమంలో ఆరితేరినవాడు నాటకాన్ని వార్తగా ఆడించి చూపగలిగాడన్నది మిగిలే నిజం. శ్రోత చేతిలో ఉన్న గీటురాయి రెండు చోట్లా ఒక్కటే: గొంతులోని నిశ్చయం. అది నిజానికీ కల్పనకూ సమానంగా పలుకుతుంది.

పేరు చెప్పగానే ఈ సమస్య తీరిపోతుందని నేను అనడం లేదు. కానీ పేరు చెప్పడం ఎంత పని చేస్తుందో బీబీసీ అనుభవం చెబుతుంది. యుద్ధానికి ముందు అక్కడి వార్తాపాఠకులకు పేర్లు ఉండేవి కావు. వార్త సంస్థది, మనిషిది కాదు అన్న సిద్ధాంతం. 1940లో జర్మన్ దాడి తప్పదనుకున్న రోజుల్లో, శత్రువు మన గొంతులను అనుకరించి దొంగ ప్రసారాలు చేస్తే ఎలా అన్న భయం పట్టుకుంది. అప్పటినుంచి ప్రతి పాఠకుడూ వార్తలకు ముందు తన పేరు చెప్పడం మొదలుపెట్టాడు. ఆల్వార్ లిడెల్, బ్రూస్ బెల్‌ఫ్రేజ్ వంటి పేర్లు జనానికి ఇంట్లోవాళ్ళ పేర్ల వలె పరిచయమయ్యాయి. ఆ అక్టోబరు 15 రాత్రి బెల్‌ఫ్రేజ్ తొమ్మిది గంటల వార్తలు చదువుతుండగా ప్రసార భవనంలోనే బాంబు పేలింది. లోపల సిబ్బంది ఏడుగురు చనిపోయారు. కాగితాల మీద సున్నం, దుమ్ము రాలాయి. శ్రోతలకు వినిపించింది ఒక మూగ మోత, ఒక చిన్న విరామం, మళ్ళీ అదే గొంతు. ఆ విరామానికీ వాన్ వూర్హిస్ విరామానికీ ఉన్న తేడా చూడండి. ఒకటి కొలిచి పెట్టినది. ఇంకొకటి పేరున్న మనిషి ఊపిరి అందుకున్న క్షణం. పేరు లేని గొంతుల దేశం ప్రాణాపాయంలో పడ్డప్పుడు, నమ్మకానికి ఆధారంగా వెతుక్కున్నది మనిషి పేరునే.

మనవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల్లో ఆకాశవాణి పేరు వెంటనే చదువుతున్నవారి పేరు వినిపించేది. పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ, మావిళ్ళపల్లి రాజ్యలక్ష్మి, ఏడిద గోపాలరావు. ఒక తరం తెలుగువాళ్ళకు ఈ పేర్లు వినగానే గొంతులు చెవిలో మోగుతాయి. ఉచ్చారణ ఎవరిది ఎలా ఉంటుందో పోల్చి మాట్లాడుకునేవారు, తప్పు దొర్లితే ఫలానావారు ఇలా చదివారని అనగలిగేవారు. అది ప్రభుత్వ రేడియో, వార్తలు ప్రభుత్వం చెప్పమన్నవే కావచ్చు, ఆ పరిమితి పేరు చెప్పినంత మాత్రాన పోలేదు. కానీ వినేవాడికి మాట్లాడుతున్నది మనిషే అన్న ఎరుక మిగిలింది. పేరు తెలిస్తే మాయ చెదిరిపోతుందని, చిత్రంలో లీనం కావడం కష్టమని వాదించేవారికి కొంగర జగ్గయ్యగారిని చూపిస్తాను. ఆయన ఢిల్లీలో తెలుగు వార్తలు చదివి, ఆ తరువాత సినిమాల్లోకి వచ్చినవారు. తెలుగులోకి డబ్బింగు అయిన శివాజీ గణేశన్ చిత్రాలెన్నిటికో గొంతు ఇచ్చింది ఆయనే. ఆ ముఖం శివాజీది, ఆ మాట జగ్గయ్యది అని తెలుగు ప్రేక్షకుడికి మొదటి డైలాగుకే తెలుసు. తెలిసీ ఏడ్చాడు, తెలిసీ చప్పట్లు కొట్టాడు. గొంతు ఎవరిదో తెలియడం కళకు అడ్డం రాలేదు సరికదా, ఆస్వాదించడానికి ఇంకొకటి దొరికింది.

వార్తాచిత్రంలో మాత్రం మనమూ పేరు లేని గొంతునే తెచ్చుకున్నాం. యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ‘ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా’ పెట్టి, ఆ చిత్రాలను ప్రతి హాలూ వేసి తీరాలని నిబంధన తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్‌కు ఆ నిబంధనా, ఆ పద్ధతీ వారసత్వంగా వచ్చాయి. ఆనకట్టల మీద, కర్మాగారాల మీద, వరద బాధితుల మీద ఒకే నిబ్బరంతో సాగే వ్యాఖ్యానం తెలుగుతో సహా అనేక భాషల్లో ఊరూరి హాళ్ళకూ చేరింది. ఇంగ్లీషులో రొమేష్ థాపర్, జుల్ వెల్లానీ, ప్రతాప్ శర్మ వంటి మంచి గొంతులు పనిచేశాయి. వాళ్ళ ప్రతిభను నేను తక్కువ చేయను. కొత్త దేశానికి తన రూపం తాను చూసుకునే అవకాశం ఇచ్చింది ఆ చిత్రాలే. కానీ ప్రేక్షకుడు లేచి వెళ్ళలేని చోట, ఎవరిదో తెలియని గొంతు చెబుతుంటే, అది సంభాషణ కాలేదు. ఆ సంస్థ లోపలే కొందరు దీన్ని గుర్తించారు. 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి ‘ఐ యామ్ 20’ తీశాడు. స్వాతంత్ర్యం నాడు పుట్టి ఇరవయ్యేళ్ళు నిండిన యువతీయువకులను అడిగి, వాళ్ళ మాటలనే వినిపించాడు. కొందరు దేశాన్ని మెచ్చుకున్నారు, కొందరు కసురుకున్నారు. బుర్రకథ వంతలు చాలా కాలానికి తెర మీదికి తిరిగి వచ్చినట్టయింది. అదే ఏడాది సుఖ్‌దేవ్ ‘ఇండియా ’67’ను వ్యాఖ్యానమే లేకుండా తీశాడు.

అలాంటప్పుడు వ్యాఖ్యాతనే తీసేస్తే సరిపోదా అన్నది మూడో వాదన. డాక్యుమెంటరీ లోకంలో దీనికి బలం ఎక్కువ. వ్యాఖ్యానం లేని చిత్రం నిజానికి దగ్గరగా ఉంటుందని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. సుఖ్‌దేవ్ చిత్రం గొప్పది, కానీ అందులోనూ ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టాలో ఒకరు నిర్ణయించారు. గొంతు తీసేస్తే నిర్ణయించేవాడు పోడు, ఇంకా లోపలికి దాక్కుంటాడు. వ్యాఖ్యాత ఉండడం తప్పు కాదు. తన చూపు పరిధి ఎంతో చెప్పే వ్యాఖ్యాత నిశ్శబ్దం కంటే నిజాయితీపరుడు. 1937 మే 6న హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ కళ్ళ ముందే తగలబడుతుంటే రేడియో విలేఖరి హెర్బర్ట్ మారిసన్ గొంతు పగిలిపోయింది, ఒకసారి మాట ఆపేసి పక్కకు జరగవలసి వచ్చింది, మళ్ళీ వచ్చి చెప్పాడు. 1948 జనవరి 31న గాంధీజీ అంతిమయాత్రలో మెల్విల్ డి మెల్లో బండి మీదనుంచి దాదాపు ఏడు గంటలు వ్యాఖ్యానం చెప్పాడు. ఇద్దరి తీరూ వేరు. ఒకరు కూలిపోయారు, ఒకరు నిలదొక్కుకున్నారు. ఇద్దరూ తాము నిలబడ్డ చోటునుంచి తమ కంటికి కనిపించినంతే చెప్పారు. ఆ చెప్పడంలో అంతా తెలిసినవాడి ధీమా లేదు, అక్కడ ఉన్నవాడి సాక్ష్యం ఉంది. స్టూడియోలో కూర్చుని రాసింది చదివే వ్యాఖ్యాతకు ఆ చోటు ఉండదు. అలాంటివాడికి పేరైనా ఉండాలి.

వాన్ వూర్హిస్ కథ ముగిసిన తీరు ఈ వాదానికి దానంతట అదే సాక్ష్యం చెబుతుంది. 1941లో విడుదలైన ‘సిటిజన్ కేన్’ తీస్తూ వెల్స్, మొదట్లోనే ఒక బూటకపు వార్తాచిత్రం పెట్టి ‘మార్చ్ ఆఫ్ టైమ్’ గొంతును అచ్చుగుద్దినట్టు దించేశాడు. ఆ వ్యాఖ్యానం చదివిన విలియం ఆలండే, కేన్ జీవితరహస్యం వెతుక్కుంటూ తిరిగే విలేఖరి పాత్రనూ వేశాడు. ఆ విలేఖరి ముఖం సినిమా పొడుగునా నీడలోనే ఉంటుంది. అంతా తెలిసినట్టు మాట్లాడిన గొంతుకూ, ఏమీ తేలక తిరిగే మనిషికీ ఒకే నటుణ్ణి పెట్టడం ఆ సినిమా చేసిన లోతైన విమర్శ అని నా అభిప్రాయం. కేన్ గురించి వార్తాచిత్రం చెప్పినవన్నీ నిజాలే, అయినా మనిషి దొరకలేదు. యుద్ధం తరువాత వాన్ వూర్హిస్ టెలివిజన్‌లోకి వచ్చాడు. 1949లో ఐసెన్‌హోవర్ యుద్ధ జ్ఞాపకాల ఆధారంగా తీసిన ‘క్రూసేడ్ ఇన్ యూరప్’ ధారావాహికకు గొంతు ఇచ్చాడు. పదేళ్ళు గడిచేసరికి కాలం మారింది. 1959లో ‘ది ట్విలైట్ జోన్’ తొలి భాగానికి మొదట వ్యాఖ్యానం చెప్పింది ఆయనే. అది మరీ ఆడంబరంగా ఉందనిపించి పక్కన పెట్టి, కథలు రాస్తున్న రాడ్ సెర్లింగ్ చేతనే చెప్పించారు. సెర్లింగ్‌ది శిక్షణ పొందిన గొంతు కాదు, పళ్ళు బిగించి మాట్లాడే మనిషి. రెండో ఏడు నుంచి ఆయన తెర మీదే నిలబడి, ముఖం చూపించి, తాను రాసిన మాటలు తానే చెప్పాడు. ఈ మార్పును అభిరుచి మారడంగా మాత్రమే చూసేవారు ఉంటారు. ఇంటి గదిలో కూర్చుని చిన్న తెర చూసే మనిషికి ఆకాశం నుంచి దిగే గొంతు కంటే ఎదుట నిలబడ్డ మనిషి మీద నమ్మకం కుదిరిందని నేను అనుకుంటాను. వాన్ వూర్హిస్ ప్రతిభలో లోపమేమీ లేదు. ఆయన్ను పేరు లేకుండా నిలబెట్టిన పద్ధతే ఆయన్ను పాతబడేలా చేసింది. అదే గొంతుకు మొదటినుంచీ ఒక మనిషి పేరు, ఆ మనిషి సందేహించే హక్కు ఇచ్చి ఉంటే, ఆ నైపుణ్యం ఇంకో ఇరవయ్యేళ్ళు పనికొచ్చేది.

ఈ పాత కథను ఇవాళ ఎత్తుకోవడానికి కారణం మనందరికీ తెలుసు. ఇప్పుడు గొంతు వెనక మనిషే ఉండనక్కరలేదు. యంత్రం పుట్టించిన తెలుగు గొంతులు వార్తలు చదువుతున్నాయి, ఫోన్లలో కథలు చెబుతున్నాయి, చనిపోయినవారి గొంతులతో కూడా మాట్లాడుతున్నాయి. వాటి తడబాటు లేని పలుకును వింటుంటే 1935 నాటి ఆ నిశ్చయం మళ్ళీ చవకగా అమ్మకానికి వచ్చినట్టుంది. అందుకని మన డాక్యుమెంటరీ నిర్మాతలకూ, ప్రసార సంస్థలకూ, వెబ్ చానళ్ళు నడిపే యువతకూ నా విన్నపం ఇది. వ్యాఖ్యానం రాసినవారి పేరూ, చదివినవారి పేరూ చివర పరుగెత్తే అక్షరాల్లో కాక మొదట్లోనే, వినపడేలా చెప్పండి. నటులతో ఆడించిన దృశ్యం వచ్చినప్పుడు ఆ సంగతి ఆ గొంతుతోనే చెప్పించండి. యంత్రం చదివితే యంత్రమని చెప్పండి. ఫిల్మ్స్ డివిజన్ పాత చిత్రాల తెలుగు ప్రతులు దొరికినంత మేర, వాటికి గొంతు ఇచ్చిన తెలుగువాళ్ళెవరో వెతికి పట్టిక రాసే పనిని మన విశ్వవిద్యాలయాల జర్నలిజం శాఖలు చేపట్టాలి. ఆ చిత్రాలు పాతబడి, ఆ గొంతులను పోల్చి చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు కనుక, ఈ పని ఇంకా సాధ్యమైన ఈ కొద్ది ఏళ్ళలోనే జరగాలి.